మీటింగులకి ముందే మధ్యాహ్నం భోజనం

ఇంటి నుంచి పని చేసేవాళ్లకి అన్నం కలుపుకోగానే మీటింగ్ పిలుపు రావడం మామూలే. ఇక్కడ కావలిలో కూర్చుని లండన్ టీమ్‌తో పని చేస్తుంటే మరీనూ. అక్కడ ఉదయం 9 అంటే మార్చి చివరి నుంచి అక్టోబర్ చివరి దాకా మనకి మధ్యాహ్నం 1:30, మిగతా రోజుల్లో 2:30. వాళ్లు సిస్టమ్ ముందుకి రాకముందే తినేయాలి.

క్యాలెండర్‌లో 12:45 నుంచి 1:25 దాకా 'భోజనం' అని పెట్టి, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ రిపీట్ అయ్యేలా సేవ్ చేయండి. స్టేటస్ 'బిజీ' అని ఉండాలి. 'ఫ్రీ' అని ఉంటే పెట్టినా పెట్టనట్టే. ఇంకా ఎక్కువసేపు పెట్టారా, ఎవరో ఒకరు అందులోకి దూరిపోతారు.

బియ్యం 12 గంటలకే కడిగి నానబెట్టి, 12:25కి కుక్కర్ పెడితే టైముకి అన్నం అయిపోతుంది. విజిల్ వేసేటప్పుడు మైక్ మ్యూట్‌లో ఉందో లేదో చూసుకోండి. నిన్నటి చేపల పులుసు మిగిలుంటే కూర పనీ లేదు, రుచి కూడా ఈ రోజే ఎక్కువ.

రిలీజ్ (సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదల) ఉన్న రోజు మాత్రం ఈ పద్ధతి నిలబడదు, బిజీ అని ఉన్నా పిలుస్తారు. ఆ రోజు 12కే తినేయండి.