ఇంగ్లిష్‌లో నవ్వు తేడా కొడుతోందా?

సమస్య: ‘పాప నన్ను చూసి నవ్వింది’ అన్నదాన్ని ఇంగ్లిష్‌లో ‘లాఫ్డ్ ఎట్ మీ’ అని రాశారు. చదివినవాళ్లు పాప మిమ్మల్ని వెక్కిరించిందనుకున్నారు.

కారణం: మనకు పెదవి విచ్చుకున్నా నవ్వే, పకపకమన్నా నవ్వే. ఇంగ్లిష్‌లో చప్పుడు లేనిది స్మైల్, చప్పుడున్నది లాఫ్. పైగా ‘లాఫ్ ఎట్’ తర్వాత మనిషి వస్తే చాలావరకు అది హేళనే. జోక్ వస్తే మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

పరిష్కారం: కళ్లు మూసుకున్నా ఆ నవ్వు తెలుస్తుందా? తెలియకపోతే స్మైల్. పళ్లు కనబడేంత వెడల్పుగా ఉంటే గ్రిన్. ‘చూశావా, నేను చెప్పిందే అయింది’ అన్న గర్వంతో మూతి ఓ పక్కకు వంగితే స్మర్క్. పెదవి విరుపులో ఏహ్యం ఉంటే స్నీర్.

సమస్య: మనవడి ముద్దుమాటలకు తాత తనలో తాను నవ్వుకున్నాడు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఆయన కుళ్లుబోతులా తేలాడు.

నేను దిద్దే అనువాదాల్లో ఎక్కువగా కనబడేది, నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. చూస్తే అక్కడ ‘స్నిగర్’ ఉంటుంది. చకిల్, టిటర్, స్నిగర్ మూడింటికీ చప్పుడు చిన్నదే కాబట్టి ఒకదాని చోట ఇంకొకటి పెట్టేస్తారు. తేడా ఉన్నది చప్పుడులో కాదు, మనసులో. చకిల్‌లో తృప్తి ఉంటుంది, ఆప్యాయతకూ చోటుంటుంది. టిటర్ బిడియంతోనో కంగారుతోనో అణచుకోబోయినా జారిపోయేది. స్నిగర్ ఎదుటివాడి అవస్థకు చాటుగా నవ్వే వెకిలి నవ్వు; అమెరికాలో దాన్ని స్నికర్ అంటారు. తాతకు చకిల్ పెట్టండి, ఆయన ప్రేమ వాక్యంలోకి తిరిగొస్తుంది. ఆనందం ముక్కులోంచి కూడా తన్నుకొస్తే చార్టిల్: చకిల్‌కు స్నార్ట్ (ముక్కుతో చేసే చప్పుడు) కలిపి ఇంగ్లిష్ రచయిత లూయిస్ కారల్ అల్లిన మాట, 1871లో అచ్చయింది.

సమస్య: ‘లాఫ్డ్ లౌడ్లీ’, ‘లాఫ్డ్ సాఫ్ట్లీ’ అంటూ ప్రతి నవ్వుకూ ఓ తోక.

కారణం: మనం క్రియను కదపం, కిలకిలా, పకపకా, కిసుక్కున అంటూ ముందు మాట మారుస్తాం. ఇంగ్లిష్‌లో ఆ రుచంతా క్రియలోనే ఉంది.

పరిష్కారం: తోక తీసేసి క్రియ మార్చండి. పిల్లల కిలకిలకు గిగిల్, పగలబడి నవ్వితే గఫా. క్యాకిల్‌తో జాగ్రత్త. గుడ్డు పెట్టిన కోడి అరుపుకూ అదే మాట కాబట్టి అందులో కీచుదనం, కరుకుదనం ఉంటాయి. మంత్రగత్తెకు సరిగ్గా సరిపోతుంది. అమ్మమ్మ నవ్వుకు వాడకండి.