పాత ఫిల్మ్ కెమెరాకి ఫోమ్ మారుస్తున్నారా, ముందు షట్టర్ కప్పండి

పోయిన ఆదివారం మా పెద్దనాన్న వాడిన నికాన్ ఎఫ్‌ఎమ్‌ని ఆయన మనవడు మా ఇంటికి పట్టుకొచ్చాడు. వెనక తలుపు తెరిస్తే, ఫిల్మ్ ముందు తెరుచుకుని మూసుకునే షట్టర్‌లో ఒక రేకు (బ్లేడ్) మడతపడి, అంచు పైకి లేచి ఉంది. తలుపు సందుల్లోంచి వెలుతురు లోపలికి రాకుండా వేసే ఫోమ్ పాతదైపోతే, దాన్ని గీకుతుంటే స్క్రూడ్రైవర్ జారిందట. 1977లో వచ్చిన మోడల్ అది. కొత్త బ్లేడ్ దొరకదు, ఇంకో పాడైన కెమెరా కొని దాన్నుంచి తీయాల్సిందే. ఇలాంటివి ఇప్పటికి మూడు చూశాను, మూడింట్లోనూ షట్టర్ కప్పి ఉంచకపోవడమే తప్పు.

ఫోటోల మీద ఎర్రటి చారలు పడుతున్నాయంటే ఫోమ్ ఎందుకు మార్చాలో మీకు తెలిసే ఉంటుంది, అది వదిలేస్తున్నాను.

షట్టర్ కప్పకుండా పని మొదలుపెట్టకండి. విజిటింగ్ కార్డు కత్తిరించి, షట్టర్‌కి ఆనకుండా అటూ ఇటూ ఫిల్మ్ పట్టాల మీద నిలిచేలా పెట్టి, చివర్లకి మాస్కింగ్ టేపు వేయండి. టేపు షట్టర్‌కి తగలకూడదు. పెంటాక్స్ కె1000 లాంటి వాటిలో ఉండేది గుడ్డ కర్టెన్, రేకులా మడతపడి పాడవదు కదా అని కొందరు కప్పరు. నలభై ఏళ్ల ఫోమ్ గాలిలో తేమకి కుళ్లి తారులా అయిపోతుంది, పుల్లతో లాగితే పాకంలా తీగ సాగుతుంది. ఆ జిగురు గుడ్డకి అంటిందంటే షట్టర్ వేగం తప్పుతుంది.

గీకడానికి ఇనుము వద్దు. అగరబత్తి పుల్ల చివర ఉలిలా చెక్కుకోండి, చాలు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన కాటన్ బడ్‌ని పిండి మరీ వాడండి, సీసాలోంచి నేరుగా చుక్క వేయొద్దు.

షట్టర్ నొక్కినప్పుడు లోపలి అద్దం పైకి లేచి తగిలే చోట ఉన్న ఫోమ్ తీసేటప్పుడు లెన్స్ పెట్టే నోరు నేలవైపు ఉండాలి, రాలింది బయటికే పడాలి. దాని పక్కనే ఉండే ఫోకసింగ్ స్క్రీన్ (మనం చూసే బొమ్మ పడే పలక) చాలా కెమెరాల్లో ప్లాస్టిక్. అద్దానికి పూత పైవైపే ఉంటుంది, తుడిచారో గీతలే.

అసిటోన్ వద్దు, థిన్నర్ వద్దు.

నోటితో ఊదొద్దు, డబ్బాలో వచ్చే స్ప్రే గాలి అసలే వద్దు.

ఫ్యాన్ ఆపండి.

కొత్త ఫోమ్ మందం చూసుకోండి. తలుపు గాడిలో మామూలుగా 1.5 మి.మీ. సరిపోతుంది, మందంగా పెడితే తలుపు బలవంతంగా మూయాల్సి వస్తుంది.

జిగురు వైపు కాస్త తడి చేస్తే వెంటనే పట్టేయదు, సర్దుకోవడానికి టైమ్ ఉంటుంది.

ఎన్ని ఫోటోలు తీశామో చూపే ఫ్రేమ్ కౌంటర్‌ని వెనక్కి తెచ్చే చిన్న పిన్ను మీద ఫోమ్ వేయకండి.

కార్డు ఉండగా ఫిల్మ్ తిప్పే లివర్ తిప్పొద్దు, షట్టర్ నొక్కొద్దు.

పాత ఫోమ్ పోయింది కదా అని కార్డు పీకేయకండి! నేను చూసిన రెండో కెమెరా అలాగే పోయింది, కొత్త ముక్క పెడుతుంటే ట్వీజర్ షట్టర్‌లోకి దిగిపోయింది. చివరి ముక్క అతికేదాకా షట్టర్ కప్పే ఉండాలి.

తలుపు తెరిచి ఒక రాత్రి ఆరనిచ్చి, చివరగా కార్డు తీయండి. తర్వాత ఒక రీలు వేసి, రెండు మూడు ఫ్రేములకి కెమెరాని పది నిమిషాలు ఎండలో ఉంచి చూడండి. చారలు లేకపోతేనే పెళ్లికో ఊరికో తీసుకెళ్లండి.