కత్తి కొనడం ఎలా? 3వ పాఠం: అంచులో ఉక్కు ఉందా, ఇనుమేనా?

గత పాఠంలో పిడి, పిడిలోకి దిగే తోక, రివెట్లు చూశాం. ఈసారి అలుగు, అంటే పిడి బయట ఉండే కోసే భాగం.

శ్రీకాకుళం, విజయనగరం సంతల్లో తక్కువ ధరకు దొరికేవి రెండు రకాలు. ఒకటి లారీ కమాను పట్టీతో కమ్మరి కొట్టిన కత్తి, రెండోది ప్యాకెట్‌లో వచ్చే స్టెయిన్‌లెస్ కత్తి. కమాను పట్టీలో కర్బనం సుమారు 0.5 నుంచి 0.65 శాతం ఉంటుంది, కత్తికి అది చాలు. మామూలు ఇనప బద్దలో 0.25 శాతం లోపే. దాన్ని ఎంత ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినా కత్తికి కావలసినంత బిరుసు ఎక్కదు. ఇక ప్యాకెట్ కత్తి మీద ‘440’ అని (అది స్టెయిన్‌లెస్ ఉక్కు రకం నంబరు) మాత్రమే ఉండి పక్కన అక్షరం లేకపోతే, అందులో తక్కువ రకమైన 440ఎ అనుకునే బేరమాడండి. ‘సర్జికల్ స్టీల్’ అన్నది ఏ గ్రేడుకూ పేరు కాదు, దానికి రూపాయి కూడా ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

అయస్కాంతం అంటకపోతే ఆ కత్తి వదిలేయండి. అంటినా సంబరపడకండి, మేకుకూ అంటుతుంది. నిమ్మరసం చుక్క పావుగంట ఉంచితే కమాను ఉక్కు నల్లబడుతుంది, స్టెయిన్‌లెస్ నల్లబడదు. రకం తెలుస్తుందే తప్ప నాణ్యత తెలియదు.

అసలు పరీక్ష ఆకురాయిది. ఆరంగుళాల సన్నపళ్ల ఆకురాయి కొత్తది తీసుకోండి, అరిగినది అన్నిటిమీదా జారుతుంది. ముందు చేతికి కొలత తెలియాలి. మేకు మీద రాస్తే పళ్లు దిగి పొడి రాలుతుంది. మెకానిక్ షెడ్డులో పారేసిన బేరింగు రింగు మీద రాస్తే కీచుమని జారిపోతుంది. ఇప్పుడు అమ్మేవాణ్ని అడిగి, పిడికి దగ్గరగా అంచు మీదే మూడు నాలుగుసార్లు తేలిగ్గా రాయండి. మొదటి రెండు గీతలు లెక్కలోకి రావు, కొలిమిలో కాలి కర్బనం పోయిన పైపొర మెత్తగా ఉంటుంది. ఆ తర్వాత ఆకురాయి జారుతూ కొద్దికొద్దిగా పట్టాలి, అంటే బేరింగుకు దగ్గరగా, మేకుకు దూరంగా. ఆకురాయి బిరుసు రాక్‌వెల్ కొలతలో 62 పైన ఉంటుంది, మంచి కత్తిది 55–59. అందుకే పూర్తిగా జారే కత్తి కూడా అనుమానించవలసిందే, అది పెళుసు కావచ్చు.

వెన్ను మీద రాసి ‘మెత్తన’ అని తిప్పికొట్టేవాళ్లున్నారు. అది పొరపాటు. అంచుకే బిరుసు ఎక్కించి వెన్ను మెత్తగా ఉంచడం కమ్మరి పనితనం. వెన్నూ అంచంత బిరుసైతే గట్టి దెబ్బకు విరిగే ప్రమాదం ఎక్కువ.

పెళుసో కాదో ఇత్తడి కడ్డీ చెబుతుంది. 6 మిల్లీమీటర్ల కడ్డీని బల్లకు బిగించి, పదునున్న అంచును దాదాపు పడుకోబెట్టి, పదిహేను ఇరవై డిగ్రీల వాలులో మెల్లగా నొక్కుతూ లైటు కింద చూడండి. అంచు కాస్త వంగి, వదలగానే తిరిగొస్తే సరైన కత్తి. వంగినచోటే ఉండిపోతే మెత్తన, చిన్న గంటు పడితే పెళుసు. మందపాటి అంచున్న కొబ్బరికత్తికి ఇది పనికిరాదు, అది మంచిదైనా వంగదు. ఉద్దానంలో అయితే ఎండు కొబ్బరిమట్ట మీద ఇరవై దెబ్బలు వేసి, అంచును పైకి తిప్పి లైటు కింద పట్టండి. తళుక్కుమన్నచోట అంచు మడతపడినట్టు.

ఇక లోపాల సంగతి. గంట్లు పడే కమాను కత్తిని కమ్మరి దగ్గరే సరిచేయించవచ్చు. పిడి తీసి, వెన్ను వైపు నుంచి వేడి చేస్తూ అంచు లేత గడ్డిరంగుకు, అంటే సుమారు 230 డిగ్రీలకు రాగానే చల్లార్చాలి. నీలంరంగు వచ్చిందంటే 300 దగ్గరకు పోయినట్టే, అక్కడ బిరుసు తగ్గిపోతుంది. కొత్త కత్తి అంచున నీలి మచ్చలుంటే సాన చక్రం మీద కాలిందని అర్థం. కాల్పు అంచుకే పరిమితమైతే, నీళ్లు పోస్తూ మిల్లీమీటరు అరగదీస్తే కింద మంచి ఉక్కు దొరుకుతుంది. ఇనప బద్ద కత్తికి మాత్రం ఏ కమ్మరీ ఏమీ చేయలేడు.

ఉప్పుగాలి ఊళ్లలో కమాను కత్తికి తుప్పు ఇట్టే పడుతుంది. అది నాసిరకానికి గుర్తు కాదు, తుడిచి కొబ్బరినూనె రాస్తే చాలు.

అభ్యాసం: ఇంట్లో ఉన్న కత్తులన్నిటి మీదా, పిడి దగ్గర అంచున, ఆకురాయి రాసి మెత్తన నుంచి బిరుసు దాకా వరుసగా పేర్చండి. వచ్చే పాఠంలో సానరాయి మీద పనికి అదే వరుస కావాలి.