వేసవి సెలవులొస్తున్నాయి, ఇంట్లో కంప్యూటర్‌కి యాంటీవైరస్ కొనేముందు ఇది చూడండి

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలైపోతాయి. స్కూళ్లకి సెలవులిచ్చేస్తారు, బయట చూస్తే ఆ ఉక్క, ఇంక గుంటలు పొద్దున్నే కంప్యూటర్ ముందు కూచుంటే సాయంత్రం బీచ్‌కి తీసుకెళ్తాం అంటేనే లేస్తారు. అదే కంప్యూటర్లో పెద్దాడి ఎంసెట్ హాల్ టికెట్టు, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు లెండి, తర్వాత కౌన్సెలింగ్ ఫీజు కట్టడం, జులై 31 లోపు వాళ్ల నాన్న ఇన్‌కమ్ టాక్స్ రిటర్ను, అన్నీ అందులోనే. గేములూ బ్యాంకూ ఒకే పెట్టెలో అన్నమాట. అందుకే అందరూ ఈ టైములోనే అడుగుతారు, ఏ యాంటీవైరస్ మంచిది, ఫైర్‌వాల్ వేరేగా కొనాలా అని. ముందు ఫైళ్లకి ఇంకో కాపీ పెట్టుకోడానికి ఓ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొనండి, యాంటీవైరస్ సంగతి తర్వాత చూద్దాం అంటే సగంమంది మొహం అదోలా పెడతారు.

ఎందుకంటున్నానో చెప్తాను. పోయినేడాది జూన్‌లో ఇక్కడే వైజాగ్‌లో అక్కయ్యపాలెం నుంచి మా వదిన ఫోను, మా పెదనాన్నగారి అబ్బాయి భార్య. "బాబూ ఒకసారొస్తావా, ఫొటోలు ఒక్కటీ ఓపెనవ్వట్లేదు" అంది. వెళ్లి చూస్తే ప్రతి ఫైలు పేరు చివర ఏవో నాలుగు అక్షరాలు అతుక్కుని ఉన్నాయి, ఫొటోలకీ, వర్డ్ ఫైళ్లకీ, మా అన్నయ్య సర్వీసు కాగితాల స్కానింగులకీ కూడా. ప్రతి ఫోల్డర్లోనూ రీడ్‌మీ అని ఓ నోట్‌ప్యాడ్ ఫైలు. తెరిస్తే 980 డాలర్లు కట్టండి, 72 గంటల్లోపు అయితే 490కే ఇస్తాం అని డిస్కౌంటు ఆఫరు. చూడగానే అర్థమైపోయింది, స్టాప్ డెజావూ అని పిలిచే రాన్సమ్‌వేర్ ఇది, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే రకం, ఎక్కువగా క్రాక్ సాఫ్ట్‌వేర్ల, అదే డబ్బులు కట్టకుండా దొంగదారిన వాడుకునేవాటి, తోక పట్టుకునే వస్తుంది.

అసలు విచిత్రం ఏంటంటే ఆ కంప్యూటర్లో యాంటీవైరస్ లేక కాదు, మూడున్నాయి. ఒకటి కంప్యూటర్ కొన్నప్పుడు షాపతను ఫ్రీగా వేసిచ్చింది, అది కూడా క్రాకే, ఒకటి డబ్బులిచ్చి కొన్నది కానీ రెన్యువల్ అయిపోయి 8 నెలలైంది, మూడోది మా అన్నయ్య ఎక్కడో యాడ్ చూసి డౌన్‌లోడ్ చేసింది. మూడూ ఒకదాన్నొకటి అనుమానిస్తా కూచుంటే ఫ్యాన్ మాత్రం పిండిమరలా మోగేది. మరి వైరస్ ఎలా దూరింది? వాళ్లబ్బాయి ఓ గేముకి క్రాక్ దించాడు, ఆ జిప్ ఫైల్లోనే రాసుంది, ముందు యాంటీవైరస్ ఆఫ్ చేసి తర్వాత రన్ చెయ్యండి అని. వాడు బుద్ధిగా మూడూ ఆఫ్ చేశాడు. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదే, ఇంక తాళం ఏ కంపెనీదైతే ఏంటి.

పెదనాన్నగారి షష్టిపూర్తి ఫొటోలు, చిన్నదాని ఓణీల ఫంక్షన్ ఫొటోలు మొత్తం పోయాయి. ఎవరెవరి వాట్సాప్‌లోనో ఉన్న మసక కాపీలు ఏరుకోవాల్సొచ్చింది. ఇలాంటివాటికి పాత రకాల్లో కొన్నిటికి ఫ్రీగా విప్పే టూల్స్ ఉన్నాయి కానీ కొత్తవాటికి చాలావరకు పనిచెయ్యవు, మాకు పని చెయ్యలేదు.

సరే ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మీది విండోస్ 10 గానీ 11 గానీ అయితే యాంటీవైరస్ ఆల్రెడీ మీ దగ్గరుంది, పేరు డిఫెండర్, విండోస్ 8 నుంచీ అందులోనే వస్తోంది. ఒకప్పుడు దాన్ని చూసి అందరూ నవ్వేవారు, నేనూ నవ్వాను, కానీ ఇప్పుడు జర్మనీలో ఏవీ టెస్ట్ అని ఓ సంస్థ ఉంది, వైరస్ పట్టడానికి, కంప్యూటర్ స్లో చెయ్యకుండా ఉన్నందుకు, మంచి ఫైలుని దొంగ అనకుండా ఉన్నందుకు తలా 6 మార్కులు వేస్తుంది, అందులో ఇది డబ్బులిచ్చి కొనేవాటి పక్కనే నిలబడుతోంది. మామూలు ఇంటికి ఇది చాలు, నా ఇంట్లో కూడా ఇదే. కాకపోతే ఉన్నదాన్ని సరిగ్గా ఆన్ చేసుకోవాలి. విండోస్ సెక్యూరిటీ అని సెర్చ్‌లో కొట్టి లోపలికెళ్తే రియల్ టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ ఈ మూడూ ఆన్‌లో ఉండాలి. ట్యాంపర్ ప్రొటెక్షన్ ఎందుకంటే వేరే ప్రోగ్రాములు దొంగచాటుగా డిఫెండర్‌ని ఆపకుండా అడ్డుపడేది అదే. ఇంకా కిందకొస్తే రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అని ఉంటుంది, అందులో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్, ఇది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, ఆన్ చేస్తే ముక్కూమొహం తెలీని ప్రోగ్రాము ఏదీ మీ పిక్చర్స్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లలో చెయ్యి పెట్టలేదు. ఒక్కోసారి మంచి ప్రోగ్రాముని కూడా ఆపి విసిగిస్తుంది, అప్పుడు ఆ ఒక్కదానికీ అలౌ ఇచ్చుకోండి, అంతేగానీ విసుగొచ్చి మొత్తం ఆపెయ్యకండి.

ఫైర్‌వాల్ అంటే చాలామంది అదేదో ఇంకో యాంటీవైరస్ అనుకుంటారు. కాదు, అది అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది, ఎవరు పిలిచారని లోపలికొస్తున్నావ్ అని అడిగేవాడు. మీరు పిలవకుండా బయటనుంచి వచ్చే కనెక్షన్లని ఆపుతుంది. మీరే పిలిచి లోపల కూచోబెట్టిన క్రాక్ ఫైలుని వాచ్‌మన్ ఏం చేస్తాడు, మా అన్నయ్యగారింట్లో జరిగింది అదే. విండోస్‌లో ఇది ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 వచ్చిన 2004 నుంచీ ఆన్‌లోనే వస్తోంది, వేరే కొనక్కర్లేదు. మీరు చెయ్యాల్సింది ఒకటే, కొత్త వైఫైకి కనెక్టయినప్పుడు పబ్లిక్ అని పెట్టండి, ప్రైవేట్ అని కాదు. కాలేజీ హాస్టల్లో, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర, కాఫీ షాపులో అయితే మరీను. ఇంట్లో కూడా ప్రింటర్ షేరింగు లాంటివి లేకపోతే పబ్లికే ఉంచండి, పోయేదేం లేదు. ఏదైనా ప్రోగ్రాము అలౌ యాక్సెస్ అని అడిగితే అదేంటో తెలీనప్పుడు క్యాన్సిల్ కొట్టండి, చాలాసార్లు ఆ ప్రోగ్రాము అలాగే పనిచేస్తుంది కూడా.

ఇంటికి అసలు గేటు మాత్రం గోడకి తగిలించిన ఫైబర్ డబ్బా, అదే వైఫై రౌటర్. కేబులబ్బాయి పెట్టిపోయినరోజు స్టిక్కరు మీదున్న పాస్‌వర్డే ఇప్పటికీ వాడుతున్నవాళ్లు నూటికి తొంభైమందుంటారు అని నా అంచనా, లెక్క కాదు. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ ఆపండి, బయటనుంచి రౌటర్ సెట్టింగులు మార్చనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ అని ఉంటే ఆపండి. మీకు రాకపోతే కేబులబ్బాయి బిల్లుకొచ్చినప్పుడు పక్కన నిలబడి చేయించుకోండి.

విండోస్ 10 వాళ్లకి ఒక మాట, 2025 అక్టోబరు 14 తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగినై ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లకి పేరిచ్చుకుంటే 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని కనిపిస్తుంది. ఇంకా విండోస్ 7 వాడేవాళ్లుంటే, గాజువాక వైపు రెండు ఇంటర్నెట్ సెంటర్లలో నేనే చూశాను, దానికి 2020 జనవరిలోనే దినం పెట్టేశారు, అందులో బ్యాంకు పని చెయ్యకండి. అప్‌డేట్ల గురించి ఇంత సాగదీస్తున్నానంటే కారణం వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్. 2017 మే 12న ప్రపంచమంతా కంప్యూటర్లు లాక్ చేసిపడేసింది, మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసింది, వేసుకోనివాళ్లే ఎక్కువగా దొరికిపోయారు.

మరి కొనడం అనేది అస్సలు వద్దా అంటే, అలా అనను. ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉండి ఏదైనా అయితే ఫోన్ చేసి అడగడానికి మనిషి కావాలి అనుకుంటే, లేదా ఇంట్లోనే ట్యాలీ పెట్టుకుని నలుగురి లెక్కలు చూసేవాళ్లయితే కొనండి. పుణె క్విక్ హీల్, చెన్నై కే7 మనవే, బయటివాటిలో బిట్‌డిఫెండర్, ఈసెట్ లాంటివి ఉన్నాయి. కొనేటప్పుడు మొదటేడాది రేటు చూసి మురిసిపోకండి, రెండో ఏడాది రెన్యువల్ రేటు చూడండి, ఆటో రెన్యువల్ టిక్కు తీసెయ్యండి. ఏదైనా ఒక్కటే ఉంచండి, కొత్తది వేసేముందు పాతది పూర్తిగా తీసెయ్యాలి. ఫ్రీవి వేసుకునేవాళ్లు కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి, అవాస్ట్ తన యూజర్ల బ్రౌజింగ్ వివరాలు అమ్ముకుందని అమెరికాలో 2024లో కోటీ అరవై అయిదు లక్షల డాలర్లు కట్టాల్సొచ్చింది. ఉన్న కంప్యూటర్లో ఏదో తేడాగా ఉంది అనుకుంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ వాళ్ల సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్లో ఫ్రీ క్లీనింగ్ టూల్స్ ఉన్నాయి, 2017 నుంచీ ఉన్నాయి, ఎవరూ వాడరు.

పిల్లలకి వేరే అకౌంటు పెట్టడం మాత్రం మర్చిపోకండి, స్టాండర్డ్ అకౌంట్, అడ్మిన్ కాదు. డిఫెండర్ ఆపాలన్నా, సిస్టమ్ మొత్తానికి ఏదైనా ఇన్‌స్టాల్ చెయ్యాలన్నా మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. వాడి అకౌంట్లో ఏదైనా దూరినా మీ అకౌంట్లో ఫొటోలని మామూలుగా ముట్టుకోలేదు.

ఇంక హార్డ్ డిస్కు. నెలకోసారి తగిలించి కాపీ చేసి తీసెయ్యాలి, తీసెయ్యడమే ముఖ్యం, తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్ని కూడా లాక్ చేసేస్తుంది. తీసి బీరువాలో పెట్టండి, బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లయితే మన ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఓ జిప్ కవర్లో. హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మనది, కిటికీలు లేచిపోయి వాన నేరుగా హాల్లో పడింది, అందుకే రెండో కాపీ ఒకటి మా అత్తగారింట్లో విజయనగరంలో ఉంటుంది, వాళ్లది మా దగ్గరుంటుంది.

బ్రౌజ్ చేస్తుంటే హఠాత్తుగా స్క్రీనంతా ఎర్రగా అయిపోయి మీ కంప్యూటర్లో వైరస్ ఉంది ఈ నెంబరుకి ఫోన్ చెయ్యండి అని అరిస్తే ఆ నెంబరుకి చెయ్యకండి, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపెయ్యండి. ఎనీడెస్క్, అదే దూరం నుంచి మీ కంప్యూటర్‌ని నడపనిచ్చే ప్రోగ్రాము, వేసుకోండి సార్ మేం చూస్తాం అనేవాడు ఎవడైనా సరే వాడే వైరస్. డబ్బులు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చెయ్యండి. ఫైళ్లు లాకవుతున్నట్టు కనిపిస్తే ముందు నెట్ తీసెయ్యండి, డబ్బులు కట్టకండి, లాకైన ఫైళ్లు డిలీట్ చెయ్యకండి, రేపెప్పుడో టూల్ రావచ్చు. వదిన వాళ్ల ఫైళ్లు ఇంకా నా దగ్గర ఓ పాత డిస్కులో ఉన్నాయి.

ఆ గుంటడికి కూడా స్టాండర్డ్ అకౌంట్ చేసిచ్చాను, అప్పట్నుంచీ నాతో మాట్లాడ్డం మానేశాడు. మొన్న ఉగాదికి మాత్రం వాడే ఫోన్ చేశాడు, "బాబాయ్, చిన్న పాస్‌వర్డ్ కావాలి, స్కూలు ప్రాజెక్టుకి" అని. ఫైలు పేరు చదవరా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "వద్దులే బాబాయ్" అని పెట్టేశాడు.