కారు సైడ్ అద్దం తొడుగును కార్బన్ ఫైబర్‌తో చేసుకోవడం ఎలా?

మా విజయనగరం జిల్లా చింతపల్లి తీరానికి వెళ్తే ఇసుక మీద ఫైబర్ బోట్లు కనిపిస్తాయి. అచ్చు, గుడ్డ, రెసిన్ (ఆరితే గట్టిపడే జిగురు ద్రవం) ఉంటే ఆ పని నడుస్తుంది. 1981లో మెక్‌లారెన్ ఫార్ములా వన్ రేసుల్లోకి తెచ్చిన కార్బన్ ఫైబర్ చాసీకైనా (కారు ప్రధాన చట్రానికైనా) మూలం ఇదే. బోటు పని తెలిసినవాళ్లు దీన్ని ఇట్టే పట్టేస్తారు, ఒక్క హార్డెనర్ (రెసిన్‌ను గట్టిపరచడానికి కలిపేది) దగ్గర తప్ప.

మొదటిసారికి సైడ్ అద్దం వెనక తొడుగు చాలు. స్టీరింగ్, సస్పెన్షన్ భాగాల జోలికి మాత్రం పోవద్దు. అవి విరిగితే ప్రాణాల మీదికి వస్తుంది.

ముందు అచ్చు. కంపెనీ తొడుగు ఊడదీసి, 1500 నంబరు వాటర్ పేపర్‌తో రుద్ది, అద్దంలా పాలిష్ చేయండి. అచ్చు అంటుకోకుండా రిలీజ్ వాక్స్ ఐదారు పూతలు వేయండి, ప్రతి పూతా ఆరాక తుడవాలి. ఆపైన జెల్‌కోట్ (నునుపైన పైపొరగా నిలిచే చిక్కటి రెసిన్), దాని మీద రెసిన్‌తో తడిపిన గాజు మ్యాట్ (గాజు పోగుల పరుపు). తొడుగు అంచులు లోపలికి తిరిగి ఉంటే అచ్చును రెండు ముక్కలుగా చేయాలి, లేకపోతే వస్తువు బయటికి రాదు. అచ్చులో వెంట్రుకంత గీత ఉన్నా ప్రతి తొడుగు మీదా అది దిగుతుంది. నా పనిలో సగం సమయం ఇక్కడే పోతుంది, పోవాలి కూడా. తయారైన అచ్చుకు మళ్లీ వాక్స్ పట్టించండి.

200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాములు) ట్విల్, అంటే ఏటవాలు నేత, కార్బన్ గుడ్డ తీసుకోండి. కోసే చోట టేపు అంటించి, టేపు మధ్యలో కోస్తే పోగులు ఊడవు. నాలుగు పొరలకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది.

ఇక ఎపాక్సీ, అంటే ఈ కార్బన్ గుడ్డకు పట్టించే రెసిన్. బోట్లకు వాడే పాలియెస్టర్ రెసిన్‌లో ఎండను బట్టి హార్డెనర్ కాస్త ఎక్కువ తక్కువ వేస్తారు. ఎపాక్సీలో ఆ పని చేయకూడదు. డబ్బా మీద 100కి 30 అని ఉంటే డిజిటల్ త్రాసు మీద అంతే తూచాలి. హార్డెనర్ ఎక్కువైతే త్వరగా గట్టిపడదు సరికదా, మెత్తగా మిగిలిపోతుంది. ఎండాకాలానికి స్లో హార్డెనర్ విడిగా కొనుక్కోండి. కలిపింది లోతైన గ్లాసులో ఉంచితే వేడెక్కి పొగలు కక్కుతుంది, వెడల్పు ట్రేలో పోయండి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి.

మన తీరపు తేమ కూడా శత్రువే. గాలిలో చెమ్మ ఎక్కువైతే పైన జిడ్డు పొర కడుతుంది. సంక్రాంతి దాటాక, పొద్దుటి మంచు విడిచాక మొదలుపెట్టడం మంచిది.

అచ్చులో గుడ్డ పొర పరిచి, బ్రష్‌తో ఎపాక్సీ అద్ది, ఇంకో పొర. చివర పీల్ ప్లై (తర్వాత ఒలిచేసే గుడ్డ), రంధ్రాల ఫిల్మ్, బ్రీదర్ గుడ్డ (గాలి బయటికి పోయే దారి ఇచ్చేది) వేసి, ప్లాస్టిక్ సంచిలో టేపుతో మూసి వాక్యూమ్ పంపు పెట్టండి. వాల్వు కట్టేశాక మీటరు ముల్లు దిగుతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, టేపు అంచులు నొక్కుకుంటూ రండి. కరెంటు పోతుందనే టెన్షన్ లేకుండా పంపును ఇన్వర్టర్‌కు కలపండి.

24 గంటలు ఆగి, ప్లాస్టిక్ చీలలతో (వెడ్జ్‌లతో) అచ్చు నుంచి విడదీయండి. రూపాయి బిళ్లతో అంగుళం అంగుళం తట్టి చూడండి. టక్‌మని మోగితే సరే, మొద్దుగా మోగితే లోపల గాలి ఉంది.

అంచులను తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి. ఈ దుమ్ములో కరెంటు ప్రవహిస్తుంది, స్విచ్ బోర్డు దగ్గర చేయొద్దు. ఎండకు ఎపాక్సీ పచ్చబడుతుంది కాబట్టి యూవీ క్లియర్ కోట్ కొట్టించండి. బిగించేటప్పుడు అల్యూమినియం స్క్రూలు వద్దు. కార్బన్‌ను తాకిన అల్యూమినియాన్ని ఉప్పుగాలి త్వరగా తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వాడండి.