కుక్క ఆపకుండా గోక్కుంటుంటే కారణాన్ని ఎక్కడ వెతకాలి?

హైదరాబాదులో వానలు మొదలై నేల ఆరకుండా ఉండే జూలై, ఆగస్టు నెలల్లో పెంపుడు కుక్కల దురద బాగా ముదురుతుంది. అప్పుడు చాలా ఇళ్లలో మొదట షాంపూ మారుస్తారు, దానితో తగ్గకపోతే చికెన్ మానిపిస్తారు. ఈ రెండు ప్రయత్నాల్లోనే రెండు మూడు నెలలు గడిచిపోతాయి, ఈలోగా కుక్క ఒళ్లు పుండవుతుంది. దురద జబ్బు కాదు, జబ్బుకు గుర్తు మాత్రమే. కాబట్టి ఏ మందు వాడాలన్న ప్రశ్నకు ముందు కుక్క ఒంటి మీద ఎక్కడ గోక్కుంటోంది, ఏ వయసులో మొదలైంది, ఇంట్లో మనుషులకు గానీ ఇతర జంతువులకు గానీ దురద ఉందా అన్న మూడు విషయాలు గమనించాలి. వీటిలో చోటు చెప్పినంత సమాచారం మిగిలినవి చెప్పవు.

నడుము వెనుక భాగం, తోక మొదలు, తొడల లోపలి వైపు

కుక్క వెనక్కి తిరిగి తోక మొదట్లో పళ్లతో కొరుక్కుంటూ ఉంటే ముందుగా అనుమానించాల్సింది ఫ్లీలనే రక్తం పీల్చే చిన్న పురుగులను. ఇవి మన ఊళ్లో గోమార్లని, కోస్తాలో పిడుదులని పిలిచే పురుగులు కావు. గోమారు చర్మానికి అతుక్కుని కదలకుండా ఉంటుంది, ఫ్లీ గోధుమ నలుపు రంగులో సన్నగా ఉండి వెంట్రుకల మధ్య పరుగెత్తుతుంది, దూకుతుంది. కంటికి కనిపించలేదు కాబట్టి లేవనుకోవడం పెద్ద పొరపాటు. పేల దువ్వెనతో నడుము మీద దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడిపిన తెల్ల కాగితం మీద వేయాలి. నలుసు చుట్టూ ఎర్రటి మరక పాకితే అది ఫ్లీ విసర్జించిన రక్తమే, మట్టి అయితే అలా పాకదు.

ఫ్లీ లాలాజలం పడని కుక్కకు ఒకటి రెండు కాట్లే రోజుల తరబడి దురద పెడతాయి. అందువల్ల నిండా పురుగులు ఉంటేనే దురద రావాలన్న లెక్క ఇక్కడ పనికిరాదు. పైగా గుడ్లు కుక్క మీద నిలవవు. అవి సోఫా సందుల్లో, పరుపు కింద, కారు సీట్ల మధ్య రాలి అక్కడే పెరుగుతాయి. గూడు కట్టుకున్న దశలో వాటిని ఏ స్ప్రే కూడా సరిగా చంపలేదు. కుక్కకు ఒకసారి మందు వేసి, తగ్గగానే మానేసిన ఇళ్లలో దురద తిరిగి రావడానికి కారణం ఇదే.

పరిష్కారం రెండు వైపుల నుంచీ జరగాలి. ఇంట్లోని కుక్కలు, పిల్లులు అన్నింటికీ కనీసం మూడు నెలల పాటు, ఒక్క మోతాదు కూడా తప్పకుండా నివారణ మందు ఇవ్వాలి. పశువైద్యులు సాధారణంగా రాసే నమిలే మాత్రల్లో నెక్స్‌గార్డ్, సింపారికా నెలకొకసారి, బ్రావెక్టో సుమారు 12 వారాలకొకసారి ఇచ్చేవి. ఇంతకుముందు ఫిట్స్ వచ్చిన కుక్కయితే ఈ తరగతి మాత్రలు రాయించుకునే ముందే ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. అదే కాలంలో పడక గుడ్డలను వేడి నీళ్లలో ఉతకడం, మంచాల కింద రెండు రోజులకోసారి వాక్యూమ్ చేయడం కొనసాగాలి. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందును దాని దరిదాపులకు రానివ్వకూడదు, అది పిల్లికి ప్రాణాంతకం.

చెవి అంచులు, మోచేతులు, పొట్ట

రాత్రంతా నిద్రపోనివ్వనంత తీవ్రమైన దురద, చెవి దొప్పల అంచుల్లో పొట్టు, మోచేతుల దగ్గర వెంట్రుకలు ఊడటం కలిసి కనిపిస్తే అది గజ్జి కావచ్చు. చెవి దొప్ప అంచును రెండు వేళ్ల మధ్య మెల్లగా రుద్దితే చాలా కుక్కలు తమకు తెలియకుండానే వెనుక కాలితో గోక్కోవడం మొదలుపెడతాయి. ఈ పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు, అయితే అది అనుమానాన్ని పెంచుతుందే తప్ప నిర్ధారించదు. చర్మాన్ని గీరి సూక్ష్మదర్శిని కింద చూసినా గజ్జిని కలిగించే సూక్ష్మ పురుగు చాలాసార్లు దొరకదు, అందువల్ల వైద్యులు అనుమానం మీదే చికిత్స మొదలుపెట్టడం సరైన పనే. వీధి కుక్కలతో కలిసి తిరిగే కుక్కకు ఇది సులభంగా అంటుతుంది. కుక్కను ఎత్తుకునే వారి ముంజేతుల మీద, పొట్ట మీద కూడా దురద పొక్కులు వస్తాయి, కుక్కకు నయమైతే అవి మానిపోతాయి. ఇంట్లో ఎన్ని కుక్కలు ఉంటే అన్నింటికీ ఒకేసారి చికిత్స చేయాలి.

పాదాలు, ముఖం, చంకలు

పాదాలను గంటల తరబడి నాకడం, ముఖాన్ని తివాచీకి రుద్దడం, తెల్ల వెంట్రుకలు ఉమ్మి వల్ల ఇటుక రంగుకు మారడం అలర్జీ లక్షణాలు. ఇవి ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య మొదలైతే ధూళి, పుప్పొడి వంటి వాటి వల్ల వచ్చే అలర్జీకే అవకాశం ఎక్కువ. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. నగర శివార్లలోని ఖాళీ ప్లాట్లలో మొలిచే వయ్యారిభామ మొక్కల్లోకి కుక్కను వదలకపోవడం, షికారు నుంచి రాగానే పాదాలనూ పొట్టనూ తడి గుడ్డతో తుడిచి, వేళ్ల మధ్య ఆరబెట్టడం మంచి అలవాట్లు. ఈ అలర్జీ పూర్తిగా నయమయ్యేది కాదు, అదుపులో ఉంచుకోవాల్సింది. స్టెరాయిడ్ రెండు రోజుల్లో ఉపశమనం ఇస్తుంది గానీ, నెలల తరబడి వాడితే ఆకలి, దాహం, మూత్రం పెరగడంతో మొదలై పెద్ద చిక్కులకు దారితీస్తుంది. దురదను తగ్గించే అపోక్వెల్ మాత్రలు ఏడాది నిండని కుక్కకు ఇవ్వకూడదు.

ఇక ఆహారం సంగతి. చికెన్, గొడ్డుమాంసం, పాల పదార్థాలు, గోధుమ పడని కుక్కలు ఉన్న మాట నిజమే. కానీ మన ఊళ్లో చికెన్ మీద పడే నిందలో చాలా భాగం ఫ్లీలకు చెందాల్సిందని నా అభిప్రాయం. ఆహారాన్ని అనుమానించాలంటే ఏడాది పొడవునా తగ్గని దురద ఉండాలి, దానికి తోడు పల్చటి విరేచనాలో, మళ్లీ మళ్లీ చెవి పోటో ఉంటే అనుమానం బలపడుతుంది. రక్తపరీక్ష దీన్ని నమ్మకంగా తేల్చదు. కుక్క ఇంతవరకు తినని మాంసం ఒకటి, దుంప ఒకటి ఎంచుకుని, ఉదాహరణకు చేప, బంగాళాదుంప, ఎనిమిది వారాల పాటు అవి తప్ప మరేమీ పెట్టకూడదు. తగ్గిన తరువాత పాత ఆహారం మళ్లీ పెట్టి, రెండు వారాల్లోగా దురద తిరిగి వస్తేనే నిర్ధారణ అయినట్టు. ఇది వినడానికి సులువు, పాటించడం కష్టం. మా కుక్కకు ఐదు వారాలు నిష్ఠగా చేశాక, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ప్రేమతో రోజూ రెండు రస్కులు పెడుతున్నాడని తెలిసి మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టాల్సి వచ్చింది.

ముక్క వాసన, జిడ్డు, నల్లబడిన చర్మం

ఇది సాధారణంగా రెండో అంచె సమస్య. పై కారణాల్లో ఏదో ఒకటి చర్మాన్ని బలహీనపరిచిన తరువాత, వానాకాలపు తేమలో ఈస్ట్ పెరిగి జిడ్డునూ పుల్లటి వాసననూ, బ్యాక్టీరియా పెరిగి చీము పొక్కులనూ గుండ్రటి పొట్టునూ కలిగిస్తాయి. రెండు శాతం క్లోర్‌హెక్సిడిన్, రెండు శాతం మైకోనజోల్ కలిసిన షాంపూతో వారానికి రెండుసార్లు స్నానం చేయించాలి. నురగను గడియారం చూసి పది నిమిషాలు ఉంచకపోతే మందు పనిచేయదు, చాలా మంది ఇక్కడే తొందరపడతారు. తరువాత బాగా కడిగి, చర్మం దాకా ఆరబెట్టాలి. మూల కారణాన్ని వదిలేసి ఈ ఒక్క స్నానం మీదే ఆధారపడితే వాసన నెలలోపే తిరిగి వస్తుంది.

మిగిలిన గుర్తులు

తల విదిలిస్తూ ఒక చెవినే గోక్కుంటే చెవి లోపల చూపించాలి, దూది పుల్లతో పొడవకూడదు. పిరుదులను నేలకు రాస్తుంటే మలద్వారం పక్కన ఉండే గ్రంథులు నిండి ఉండవచ్చు. గుండ్రంగా వెంట్రుకలు ఊడిన మచ్చలు, ఇంట్లో పిల్లలకు కూడా అలాంటివే ఉంటే తామర. కూన ముఖం మీద, పాదాల మీద దురద లేకుండా వెంట్రుకలు ఊడితే డెమోడెక్స్ అనే సూక్ష్మ పురుగు కారణం కావచ్చు, అది మనుషులకు అంటదు. గోమార్లు కనిపించిన కుక్కకు జ్వరం, నీరసం, తిండి మానడం ఉంటే దురద సంగతి పక్కన పెట్టి ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి, ఎందుకంటే అవి ఎర్లికియా, బబీసియా వంటి జబ్బులను మోసుకొస్తాయి.

ఇంట్లో చేయకూడనివి

కర్పూరం కలిపిన నూనె, టీ ట్రీ నూనె కుక్కకు విషం. కిరోసిన్, ఫినాయిల్, నీళ్లు కలపని డెట్టాల్ చర్మాన్ని కాలుస్తాయి. మనుషుల దురద మలాముల్లో స్టెరాయిడ్ కలిసి ఉండటం మామూలే, కుక్క దాన్ని నాకేస్తుంది కూడా. కోలీ జాతులకు, వాటి సంకరాలకు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ ప్రాణం మీదకు తెస్తుంది, జాతి చెప్పకుండా ఆ ఇంజెక్షన్ వేయించకండి.

రెండు వారాల్లో తగ్గకపోయినా, రసి కారే పుండ్లు పడినా వైద్యుడిని కలవాలి. ప్రైవేటు క్లినిక్‌లు అందుబాటులో లేనివారికి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి, నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నాయి. వెళ్లే రెండు రోజుల ముందు నుంచి స్నానం చేయించవద్దు, చేయిస్తే వైద్యుడు చూడాల్సిన పొట్టు, జిడ్డు, నలుసులు కడుక్కుపోతాయి. ఇంతవరకు వాడిన మాత్రల అట్టలూ, మచ్చలు మొదలైన రోజుల్లో తీసిన ఫొటోలూ వెంట తీసుకెళ్లండి.