అసోసియేషన్ లెక్కలు అడగబోయే ముందు జాగ్రత్తలు

హన్మకొండలోనో కాజీపేటలోనో ఫ్లాట్ ఉన్నవారు తమ అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం లెక్కలు అడిగే ముందు, ఆ సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైందా, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందా అన్నది తేల్చుకోవాలి; ఫిర్యాదు ఎక్కడికి చేరాలన్నది దాన్నిబట్టే మారుతుంది.

• బైలాస్ (సంఘం నిబంధనావళి) ప్రతి సంపాదించి, రికార్డుల తనిఖీ గురించిన నియమం చదవండి.

• మెయింటెనెన్స్ బకాయి ఉంటే ముందే కట్టి రసీదు దాచుకోండి. కమిటీకి మొదట దొరికే సాకు అదే.

• దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. "అన్ని లెక్కలూ" అని రాస్తే ఏదీ చేతికి రాదు కాబట్టి, ఏ ఆర్థిక సంవత్సరపు బ్యాంకు స్టేట్‌మెంట్, లిఫ్టు మరమ్మతు బిల్లులు, కార్పస్ ఫండ్ (సంఘం మూలనిధి) డిపాజిట్ వివరాలు, ఆడిట్ నివేదిక కావాలో స్పష్టంగా పేర్కొనండి.

• కాగితాలు చూడకముందే వాట్సాప్ గ్రూపులో ఆరోపణలు చేయకండి.

• వివాదం ముదిరితే, సంఘం 2001 చట్టం కింద నమోదైనదైతే, ఆ చట్టంలోని 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చు.